ఆ రాళ్ల మీద మన పేరేది?



డిసెంబరు 6 దగ్గరికొస్తే మనవాళ్ల ప్రయాణం ఎటో వేరే చెప్పనక్కర లేదు. 1956లో బాబాసాహెబ్ ఢిల్లీలో కన్నుమూస్తే, మరునాడు బొంబాయిలో దాదర్ సముద్రపు ఒడ్డున ఆయన చితి వెలిగింది. ఆ చోటే ఇవాళ చైత్యభూమి. ఏటా లక్షల మంది పోతారు. ఎవరూ లారీలు పెట్టరు. ఎవరూ బిర్యానీ పొట్లాలు పంచరు. అయినా పోతారు.

2018లో మా వాడ నుంచి ఇరవై ముగ్గురం పోయాం. మాది తాండూరు దిక్కు. నాపరాయి గనుల మీద బతికే ఊరు. మాలో ఎక్కువ మంది గనిలో బండ కోసేవాళ్లు, కోసిన బండ మోసేవాళ్లు. బడి పిల్లలు ఐదుగురు. డెబ్బై ఏళ్ల అవ్వ ఒకామె, తాండూరు దాటి ఎరగని మనిషి, "సచ్చేలోపల బాబా కాడికి ఒక్కసారన్న పోవాలె" అని పట్టుబట్టి వచ్చింది.

అందరం టికెట్లు కొన్నాం. ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, దారిలో ఒక పెద్దమనిషి మా నీలి కండువాలు చూసి పక్కాయనతో, "ఆరో తారీఖు గదా, టికెట్ లేని జనం. ఊరు చూడటానికి బయల్దేరుతారు" అన్నాడు. మేము జేబులోంచి టికెట్లు తీసి ఆయన ముందు పెట్టాం. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అంతే.

"ఊరు చూడటానికి" అన్న మాట మమ్మల్ని వదల్లేదు. చూస్తే తప్పేంది? వాళ్లు చూస్తే యాత్ర, మనం చూస్తే మందనా? మెడలో కెమెరా వేసుకుని తిరిగేవాణ్ని టూరిస్టు అంటారు. చంకన సద్దిమూట పెట్టుకుని తిరిగేవాణ్ని గుంపు అంటారు. సరే, చూసే పోదాం అనుకున్నాం. చైత్యభూమిలో వందనం చేసుకున్న మరునాడు, తిరుగు బండి ఎక్కే ముందు, లోకమంతా చూసే కట్టడం ఒకటి మేమూ చూశాం. అది మేము బండి ఎక్కాల్సిన స్టేషనే. పాతవాళ్లు వీటీ అంటారు. ఇప్పటి పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్.

రోడ్డు అవతల నిలబడి నోరు తెరుచుకుని చూశాం. కోట అనాలా, చర్చి అనాలా, రాజమహల్ అనాలా! నడుమ పెద్ద గుమ్మటం. దాని మీద దివిటీ ఎత్తి పట్టుకున్న ఆడమనిషి విగ్రహం. ఆమె పేరు 'ప్రగతి' అట. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి. సింహం అంటే ఇంగ్లండు, పులి అంటే ఇండియా. గోడల నిండా రాతి ఆకులు, రాతి నెమళ్లు, రాతి కోతులు. గుండ్రటి పలకల్లో మనుషుల ముఖాలు.

దీన్ని 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. విక్టోరియా రాణి యాభై ఏళ్ల ఏలుబడి పండుగకు 1887లో ఆమె పేరు పెట్టారు. ఆనాటి లెక్కలో పదహారు లక్షల రూపాయల పైన ఖర్చు. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఏళ్ల తరబడి పట్టిన మసి కడిగారు, పాడైన చెక్కడాలు బాగు చేశారు, రాత్రిపూట రంగు దీపాలు పెట్టారు. దేశదేశాల వాళ్లు వచ్చి ఫోటోలు దిగుతారు. ఒకటి మెచ్చుకోవాలి. ఇది అద్దాల పెట్టెలో పెట్టిన కట్టడం కాదు. రోజూ లక్షల మంది ఎక్కి దిగే స్టేషను. కాయకష్టం చేసేవాడు కూడా టికెట్టు కొనుక్కుని తలెత్తి నడిచే చోటు.

మా అవ్వ బొమ్మలు చూడలేదు. రాయి చూసింది. గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "మెత్తని రాయి కొడుకా, ఉలి మంచిగ దిగుతది. గని ఈ అంచు సూడు. చెయ్యి జర తప్పినా ఆకంత రాలిపోతది. ఒక్కొక్క ఆకుకు ఎన్ని దినాలు పట్టిందో!" అంది. నలభై ఏళ్లు బండ కొట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి చెప్పిన మాట కెమెరాల వాళ్లకు తట్టదు.

ఏడో తరగతి చదివే పిల్ల ఆ గుండ్రటి ముఖాలు చూపించి, "సార్, దీన్ని కట్టినోళ్లు వీళ్లేనా?" అని అడిగింది.

కాదమ్మా, వాళ్లు రైలు కంపెనీ డైరెక్టర్లు, పెద్ద పెద్ద షావుకార్లు అని చెప్పాం.

"మరి కట్టినోళ్లు యాడున్నరు సార్?"

ఇరవై ఏళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్న మేము ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం. సిగ్గుపడుతూనే రాస్తున్నాం. మొదటి రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు నడిచిందని, రైల్వేలు తెచ్చింది డల్హౌసీ అని ఎన్ని వందల మంది పిల్లల చేత బట్టీ పట్టించామో! ఆ పట్టా మోసినవాడెవడో మేము చెప్పలేదు. పుస్తకంలో లేదు గనుక మా నోట్లో లేదు. మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మనమే. మనమే చెప్పకపోతే ఇంకెవడు చెప్తాడు?

ఊరికొచ్చాక వెతికాం. దొరికింది మీ ముందు పెడుతున్నాం.

స్టేషను నమూనా గీసింది ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ అనే ఇంగ్లీషాయన. ఆయన కింద పనిచేసిన సీతారాం ఖండేరావు అనే ఇంజనీరు పేరుంది. చెక్కడపు పనిలో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు విద్యార్థుల చెయ్యి ఉందని రాశారు. గోడ మీది ముఖాల్లో జంషెడ్జీ జీజీభాయ్, జగన్నాథ్ శంకర్‌సేఠ్ వంటి ధనవంతులున్నారు. గీసినవాడి పేరుంది, పెట్టుబడి పెట్టినవాడి ముఖముంది. పునాది తవ్వినవాడికి పేరూ లేదు, ముఖమూ లేదు. తట్టలో సున్నం మోసినామె సంగతి సరేసరి.

స్టేషను కంటే ముందు దారి సంగతి చెప్పాలి. దారి లేకపోతే స్టేషను దేనికి? మేము పోయిన బండి పూణే దాటాక లోనావాలా నుంచి కర్జత్ దాకా కొండ దిగుతుంది. దాన్ని భోర్ ఘాట్ అంటారు. మేము అది దాటింది నడిరాత్రి. పిల్లలంతా నిద్రలో ఉన్నారు. సొరంగం మీద సొరంగం. చూడటానికి ఏముందిలే అని మేమూ కళ్లు మూసుకున్నాం. ఇప్పుడు తెలిసింది, కళ్లు తెరిచి చూడాల్సిన చోటు అదేనని.

ఆ దారి పని 1856లో మొదలై 1863లో ముగిసింది. కొండను తొలిచి పాతిక సొరంగాలు వేశారు. పని ముమ్మరంగా ఉన్న 1861లో నలభై వేల మందికి పైగా కూలీలు అక్కడున్నారు. మందుగుండు పేలి చచ్చినవాళ్లు, కొండ మీంచి జారి చచ్చినవాళ్లు, అన్నిటికన్నా మించి కలరాతో చచ్చినవాళ్లు. ఆ చావులు పాతిక వేల దాకా ఉంటాయని చెప్పిన చరిత్రకారులున్నారు. మన మండలంలో ఎన్ని ఊళ్లు ఖాళీ అయితే అన్ని ప్రాణాలో లెక్కేసుకోండి.

1859లో ఆ పని కాంట్రాక్టు పట్టిన సాలమన్ ట్రెడ్‌వెల్ అనే ఇంగ్లీషాయన మన దేశంలో దిగిన కొద్ది వారాలకే జబ్బు చేసి చనిపోయాడు. అతని భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కాంట్రాక్టు చేతికి తీసుకుంది. అతని పేరు చరిత్రలో ఉంది, ఆమె పేరూ ఉంది. ఉండనీయండి, మాకు కడుపుమంట లేదు. అడిగేది ఒక్కటే. ఒక దొర చావుకు పేరుంది గదా, వేల మంది చావుకు అంకె తప్ప ఏమీ లేదేం?

ఇంకొక సంగతి. 1859 జనవరిలో అదే ఘాట్ మీద కూలి డబ్బులు ఎగ్గొడుతున్నారని కూలీలు తిరగబడ్డారు. దెబ్బకు సర్కారు విచారణ జరిపి, మరుసటి ఏడు 1860లో కూలీలకూ పని ఇచ్చేవాళ్లకూ నడుమ తగాదాల మీద చట్టమే తేవాల్సి వచ్చింది. అంటే ఆ కొండ మీద మనవాళ్లు నోరు మూసుకుని చావలేదు. చేసిన పనికి కూలి అడిగారు. ఈ సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మేము కూడా ఎవరికీ చెప్పలేదు.

కట్టడం వెనక కూలీ ఎవరని మన కవులు ఎప్పుడో అడిగారు. సభల్లో చప్పట్లు మోగాయి. ఎర్రజెండా మిత్రులు ఆ కూలీని శ్రామికుడు అన్నారు. మంచిదే. కాని ఆ శ్రామికుడికి ఒక కులముందని చెప్పటం మరిచిపోయారు. దక్కను నేల మీద రైలు కట్టలకు మట్టి పోయటంలో, రాయి కొట్టటంలో వడ్డెరలది పెద్ద చెయ్యి. ఊళ్లో సెంటు భూమి లేని మహర్లు రైలు పనికి, మిల్లు పనికి, బొంబాయి రేవు పనికి పోయారు. టికెట్ కిటికీ వెనక కుర్చీ ఒక కులానికి, పట్టా మీద పార ఇంకొక కులానికి. రైలు కొత్తది గాని, పని పంచిన పద్ధతి పాతదే. ఊళ్లో మనువు పంచినట్లే కంపెనీ పంచింది.

ఇది మహారాష్ట్ర వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. బొంబాయిలో కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరు ఎత్తితే లోకం వెకిలిగా నవ్వుతుంది. ఆ పేరు ఎట్లా వచ్చిందో నవ్వేవాళ్లకు తెలియదు. కామాటీలంటే కట్టుబడి పనికి పోయిన మన తెలుగు కూలీలు. వాళ్లు కాపురమున్న చోటు గనుక కామాటిపుర. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు నిజాం రైలు పడ్డాక ఆ దారి ఇంకా దగ్గరైంది. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి తరాల తరబడి బొంబాయి వలస నడిచింది. మా తాండూరు ఆ రైలు దారి మీదదే. మా అవ్వ అన్న చిన్నతనంలో బొంబాయి పోయి మళ్లీ రాలేదు. ఈ సంగతి ఆమె మాకు ఊరికొచ్చాక చెప్పింది.

మరి రైలు మనకు మేలు చేయలేదా అంటే, చేసింది. దాచకూడదు. ఊళ్లో దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడు రైలుపెట్టెలో అదే దొర పక్కన కూర్చున్నాడు. టికెట్టు కులం అడగదు. కాని టికెట్టు అడగని కులాన్ని స్టేషను అడిగింది. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే జ్ఞాపకాల్లో ఆ కథ రాసుకున్నారు. 1901 ప్రాంతం. ఆయనకు తొమ్మిదేళ్లు. ఇంట్లో పిల్లలతో కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరికి రైలెక్కి మసూర్ స్టేషనులో దిగారు. కొత్త బట్టలు, తల మీద టోపీలు. సాయంత్రమైంది. తీసుకుపోవటానికి ఎవరూ రాలేదు. స్టేషను మాస్టరు వచ్చి మీరెవరని అడిగాడు. మహర్లమని పిల్లవాడు చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెండింతల కిరాయి ఇస్తే, పిల్లలే బండి తోలుకుంటే, బండివాడు పక్కన నడిచొస్తానన్నాడు. మూటలో తిండి ఉంది. నీళ్లిచ్చేవాడు లేక ఆ రాత్రి పిల్లలు ఆకలితో పడుకున్నారు.

వీటీ కట్టడం పూర్తయి అప్పటికి పన్నెండు పదమూడేళ్లు. గుమ్మటం మీద ప్రగతి దివిటీ ఎత్తే ఉంది. ఆ వెలుగు మసూర్ దాకా రాలేదు.

అది పాత కాలం అంటారా? మన కాలం సంగతే చూద్దాం. రాతి మీద మసి కడిగితే వారసత్వ రక్షణ అంటారు. పట్టాల మీద మలం కడిగితే ఏమంటారు? మొన్నమొన్నటి దాకా రైలుపెట్టె పాయఖానా తూము పట్టాల మీదికి తెరిచే ఉండేది. స్టేషన్లో పడినదంతా చీపురుతో ఎత్తిపోసినవాళ్లు ఏ కులం వాళ్లో వేరే చెప్పాలా? పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. రైలు పట్టాల మాట అందులో పేరుపెట్టి రాశారు. రక్షణ సామాను ఇచ్చి చేయిస్తే పాకీ పని కింద లెక్క కాదని అందులోనే సందు కూడా పెట్టారు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో, పట్టాల మీద ఈ పని ఆపటానికి గడువు పెట్టుకుని పథకం వేయమని రైల్వేలను ఆదేశించింది. ఆ ఆందోళన్‌ను నడిపిన బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనుల దగ్గర పాకీ పని చేసిన కుటుంబంలో పుట్టిన మన తెలుగు బిడ్డ. తర్వాత పెట్టెలకు బయో టాయిలెట్లు బిగించారు. మార్పు వచ్చింది. ఎవరి దయ వల్లా రాలేదు, కొట్లాడితే వచ్చింది. భోర్ ఘాట్ తిరుగుబాటు రైల్వే చరిత్ర అయితే ఈ కొట్లాట కూడా రైల్వే చరిత్రే.

1996లో స్టేషనుకు రాణి పేరు తీసి శివాజీ పేరు పెట్టారు. 2017లో 'మహారాజ్' చేర్చారు. రాణి పేరు పోవటం మంచిదే. శివాజీ పేరుతో మనకు పేచీ లేదు. జోతిరావు ఫూలే 1869లోనే శివాజీ మీద పవాడా రాసి, ఆయన్ను సేద్యం చేసుకునే జనం రాజుగా నిలబెట్టాడు. గేటు మీద పేరు మారింది. గేటును నిలబెట్టిన మనిషి మాత్రం అప్పుడూ లెక్కలో లేడు, ఇప్పుడూ లేడు. మన పేచీ అక్కడ.

కొందరు మిత్రులు అంటారు: "భూమి లేదు, కొలువు లేదు, మీకు రాళ్ల మీద పేర్లు కావాల్సి వచ్చిందా?" భూమి అడుగుదాం. కొలువు అడుగుదాం. ఇదీ అడుగుదాం. రిజర్వేషన్ మాట ఎత్తితే చాలు, మనల్ని ఈ దేశం సొమ్ము ఉత్తగా తినేవాళ్లుగా చూపిస్తారు. బస్సులో అంటారు, ఆఫీసులో అంటారు, మా టీచర్ల గదిలోనూ అంటారు. వాళ్లు ఎక్కి తిరిగే రైలు కింద ఎవరి ఎముకలున్నాయో రాసి పెడితే ఆ నోళ్లు కొంచెమన్నా ఆగుతాయి. అంతకన్నా ముఖ్యం, మన పిల్లల తల లేస్తుంది. ఆ ఏడో తరగతి పిల్ల అడిగింది బొమ్మల గురించి కాదు, తన తాత గురించి.

అందుకని మేము చెప్పేది నాలుగు మాటలు.

ఒకటి. వారసత్వ కట్టడమని పేరు పెట్టి టూరిస్టులను పిలిచే ప్రతి స్టేషనులో, కట్టినవాళ్ల చరిత్ర చెప్పే రాతి పలక ఉండాలి. పేర్లు దొరక్కపోతే కులాలు, ఊళ్లు, చావుల లెక్క రాయాలి. వీటీలో అయితే మరాఠీతో పాటు తెలుగులోనూ ఉండాలి. ఆ హక్కు కామాటీలది.

రెండు. 2023 నుంచి అమృత్ భారత్ పథకం కింద మన దగ్గర కూడా చాలా స్టేషన్లకు కొత్త రూపు ఇస్తున్నారు. మీ స్టేషను ఆ జాబితాలో ఉంటే ఊరుకోకండి. ఏ బొమ్మ వేస్తారు, ఎవరి కథ రాస్తారు అని అడగండి. గ్రామసభలో తీర్మానం చేసి డివిజనల్ రైల్వే మేనేజరుకు అర్జీ పంపండి. ఒక్క ఊరు పంపితే చెత్తబుట్టలోకి పోతుంది. నూరు ఊళ్లు పంపితే ఫైలవుతుంది.

మూడు. మన చరిత్ర ఇంకెవరో రాస్తారని కూర్చోవద్దు. ఒక నోటుబుక్కు కొనండి. మీ వాడలో గ్యాంగుమన్ పని చేసిన తాత, స్టేషన్లో మూటలు మోసిన పెదనాయన, ప్లాట్‌ఫారం ఊడ్చిన చిన్నమ్మ, బొంబాయి పోయి రాని మేనమామ, అందరివీ పేరు, ఊరు, కులం, పని, ఏడు రాయండి. బడి పిల్లల చేత రాయించండి. వాళ్లకు అంతకన్నా మంచి సాంఘికశాస్త్రం పాఠం లేదు. మా బడిలో మొదలుపెట్టాం. మొదటి పేజీలో మొదటి పేరు మా అవ్వ అన్నది. రాసింది ఆ ఏడో తరగతి పిల్లే.

నాలుగు. ఈసారి డిసెంబరు 6కు పోయేవాళ్లు ఒక పూట ఎక్కువ పెట్టుకోండి. భోర్ ఘాట్ వచ్చినప్పుడు పిల్లల్ని నిద్ర లేపండి. వీటీ ముందర నిలబడి తలెత్తి చూడండి. ఎవడన్నా గుంపు అంటే టికెట్టు చూపించండి. ఆ తర్వాత గోడ చూపించండి.

ఆ రోజు బండి కదిలేటప్పుడు అవ్వను అడిగాం, బొంబాయి ఎట్లుందని. "ఊరు మంచిగనే ఉంది కొడుకా. కట్టినోళ్లను కూడ ఆడ నిలబెడితే ఇంకా మంచిగుండు" అంది.

జై భీమ్.